1974 నాటి ట్రోల్ ఒక రౌండులో ఎన్నిసార్లు దాడి చేయాలి?

పాచికలు వేస్తూ కల్పిత వీరుల పాత్రల్లో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను 1974 నాటి తొలి నియమాలతోనే మిత్రులకు ఆడిస్తున్నాను. అందులో ఏ రాక్షసి కొట్టినా దెబ్బ ఎంతో తేల్చేది దాదాపు ఒకే ఆరుముఖాల పాచిక. ఓగర్, జెయింట్ వంటివి మాత్రం మినహాయింపు. కానీ మామూలు మనుషుల మీద ట్రోల్ అనే రాక్షసి ఆరుసార్లు దాడి చేస్తుందని, అందులో ఒక దాడికి వేసిన పాచిక అంకెకు మూడు కలపాలని ఉంది. నాకు ప్రాణమైన నియమమది! 1975లో ఈ ఆటకు వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకం గోళ్లకు, కోరలకు వేర్వేరు దెబ్బలు పెట్టింది, రాక్షసుల ప్రాణబలానికి, అంటే ఎంత దెబ్బ తట్టుకోగలవన్న లెక్కకు, ఎనిమిది ముఖాల పాచిక తెచ్చింది. మరి ఆ ఆరు దాడులు అక్కడితో రద్దయినట్టేనా? రెండూ కలిపితే ఊరి కాపలావాళ్లు ఒక్క రౌండు కూడా నిలవరు. గోళ్లు, కోరల లెక్క మాత్రమే తీసుకుని, ప్రాణబలాన్ని పాత పాచికతోనే ఉంచితే పోరు సమంగా సాగుతుందా? అలా ఆడించినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, వీరుల పాచికలు కూడా మార్చారా అన్నది సహా.