మోడం జూసి ముంత... తర్వాతేంది?

కదిరి సర్వరోడు:
మా అవ్వ ఒక మాట అనేది. "మోడం జూసి ముంత..." అంతవరకే గుర్తుండాది. మోడమంటే మా పక్క మబ్బు. చివర "ఒలకబోసినట్ల" అనేదో, "బోర్లించినట్ల" అనేదో నాలుగు దినాలుగా తన్నుకుంటాండా. పని లేక కాదు. మా ఆఫీసు సర్వర్లన్నీ క్లౌడుకు, అంటే ఇంటర్నెట్లో అద్దెకు దొరికే కంప్యూటర్లకు, మారుస్తాండారు. గదిలో సర్వర్లుండే పాత ర్యాకు ఏం చేయాలో శుక్రవారం మీటింగులో నేనే చెప్పాల. మొదటి స్లైడు మీద అవ్వ మాట పెడదామని. ఒలకబోసుడంటే డేటా పాయ. బోర్లించుడంటే కరెంటు తీసి పక్కన పెట్టినట్ల, కావాలంటే మళ్లా నిలబెట్టుకోవచ్చు.

ప్రొద్దుటూరు పంతులు:
నాయనా, మీకు మొదలే తప్పు గుర్తుంది. "మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టు". బోర్లించడం ఎక్కడా లేదు. ఇందులో చర్చకేముంది?

ఆదోని అక్క:
చర్చకు ఉంది సార్. మా ఇంట్లో మబ్బు అనే మాటే వినలేదు. "మోడం పట్టింది, మిద్దె మీద మిరపకాయలు తీయండే" అనేది మా అమ్మ. సామెతలో కూడా మోడమే. చెవి పెట్టి వినండి: మబ్బు, ముంత. అకారానికి ఉకారానికి యతి చెల్లదు. మోడం, ముంత. ఓకారానికి ఉకారానికి హాయిగా చెల్లుతుంది. కాబట్టి అసలు పాఠం మోడం. మబ్బు అనేది అచ్చేసినవాళ్ల సవరణ.

ప్రొద్దుటూరు పంతులు:
సామెతకు యతి చూడటం మొదటిసారి వింటున్నా. సరే, ఆ లెక్కకే వద్దాం. "మొయిలు" కూడా చెల్లుతుంది కదా, ఒకారం, ఉకారం. పైగా అది కావ్యాల్లో నలిగిన మాట. మీ మోడం కన్నడ "మోడ". బళ్లారి బస్సెక్కి వచ్చి మన దగ్గర అనుస్వారం తగిలించుకుంది.

ఆదోని అక్క:
ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లావే సార్. మాట బస్సెక్కే అవసరమేముంది, ఇంట్లోనే ఉండె.

పాణ్యం సోలార్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దండి. మబ్బు వేరు, మోడం వేరు. మాది వెయ్యి మెగావాట్ల పార్కు, మాకిది రోజూ ఉండే గొడవే. మబ్బు అంటే ఒక తునక. ప్యానెళ్ల మీదుగా పోతాది, గ్రాఫులో గుంత పడి మళ్లీ లేస్తాది. మోడం అంటే ఆకాశమంతా కప్పేయడం. గ్రాఫు పొద్దంతా పండుకునే ఉంటాది. రెండిటికీ ఒకటే అర్థం రాసే నిఘంటువులు మా కంట్రోల్ రూముకు వచ్చి చూడాల.

కదిరి సర్వరోడు:
ఇది భలే చెప్పినావన్నా. మేం నెట్‌వర్కు బొమ్మల్లో మేఘం గుర్తు గీసేది కూడా అందుకే. ఆ పక్క ఏముందో మనకు పని లేదు, కప్పేసెయ్ అని. 2006లో అమెజాన్ వాళ్లు డేటా దాచే ఎస్3, కంప్యూటర్లు అద్దెకిచ్చే ఈసీ2 తెచ్చినాక ఆ బొమ్మ పేరే బేరమైపాయ. అంటే క్లౌడుకు సరైన తెలుగు మబ్బు కాదు, మోడం.

అన్నట్టు, డయలప్ కాలంలో ఒకనాడు "అవ్వా, మోడెం పాడైంది" అంటే మా అవ్వ వాకిట్లోకి వచ్చి పైకి చూసి, "పాడయ్యేదేముందిరా, ఎప్పుడు కురిసిందని?" అనె. మా జిల్లాకు ఏడాదంతా కలిపితే 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. ఆమె లెక్క ఆమెది.

రాయచోటి పాతపుస్తకాలు:
మోడంలో "మో" గురించి నాదొక మాట. తమిళంలో మేఘాలు కమ్మితే "మూట్టం" అంటారు. అక్కడ "మూడు" అంటే కప్పడం. మన "మూయు" దానికి చుట్టమే. కాబట్టి మోడం అంటే మూసేది. కన్నడం నుంచి మనకు రాలేదు, మననుంచి వాళ్లకూ పోలేదు. ముగ్గురికీ ఒకే అవ్వ.

ప్రొద్దుటూరు పంతులు:
ఊకారం ఓకారం ఎందుకయిందో చెప్పకుండా అవ్వను తెచ్చి నిలబెడితే ఎట్లా? ఇదే దారిన పోతే "మోడు"ను కూడా ఇందులోకి లాగుతారు, కొమ్మలు లేని చెట్టును ఆకాశం మూసింది అని.

రాయచోటి పాతపుస్తకాలు:
లాగేవాణ్ణే, మీరు ముందే అనేశారు.

ఒంటిమిట్ట వాసి:
మబ్బు, మోడం, మొయిలు అని కొట్టుకుంటున్నారు, పోతన దగ్గరికి ఒక్కరూ పోలేదు. "శారద నీరదేందు ఘనసార పటీర" అని సరస్వతి తెల్లదనానికి మొదట తెచ్చిన పోలికే మేఘం. అదీ శరత్కాలపు మేఘం. మీ క్లౌడ్ కంపెనీల బొమ్మలు చూడండి, అన్నీ తెల్లవే. మేఘానికి పేరు పెట్టాలంటే నీరదం పెట్టండి. నీరు ఇచ్చేది. (ఆయన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా అని ఎవరూ మొదలెట్టొద్దు. అది తేలిపోయిన విషయం.)

ఆదోని అక్క:
తేలిపోయిందా! ఎటు?

ప్రొద్దుటూరు పంతులు:
దానికి నేను పోను. కానీ శరన్మేఘం తెల్లగా ఉండేది నీళ్లన్నీ కురిసేశాక. నీరదం అని పిలిచినా, ఇవ్వడానికి దానిదగ్గర ఏమీ మిగల్లేదు. ఆ పద్యంలో అందం అక్కడుంది. ఇంకో మాట, "ఘనసార"లో ఘన శబ్దం చూసి అదీ మేఘమే అనుకునే పిల్లలు ఏటా ఇద్దరైనా తగులుతారు. అది కర్పూరం.

కదిరి సర్వరోడు:
ఇచ్చేది అంటే ఊరికేనా సార్? మేం పైకి ఎక్కించేటప్పుడు పైసా అడగరు, కిందికి దించుకుంటే ఈగ్రెస్ అని బిల్లేస్తారు. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ ముగ్గురూ పూర్తిగా వదిలిపోయేవాళ్లకు మాత్రం అది మాఫీ చేసినారు. ఉండేవాళ్లకు మామూలే.

రాయచోటి పాతపుస్తకాలు:
అయితే నీరదం కాదు, జలధరం. ద అంటే ఇచ్చేది, ధర అంటే పట్టుకొని ఉండేది. మీ డేటాను పట్టుకొని ఉంది కదా. ఒక్క ఒత్తులో ఉంది అంతా.

ప్రొద్దుటూరు పంతులు:
ఒత్తు ఒక్కటే కాదు, "ర" కూడా ఉంది. జలద మేఘం, జలధి సముద్రం, జలధర మళ్లీ మేఘం. వాడేముందు తేల్చుకోండి, లేకపోతే మీ సర్వర్లు సముద్రంలో పడతాయి.

పాణ్యం సోలార్:
సముద్రం దగ్గరికే పోతాండాయి సార్. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో డేటా సెంటరుకు ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు అనింది. అమెజాన్ 2022లో హైదరాబాదులో రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, తెరిచింది. ఎండ మాది, మోడం వాళ్లది.

కదిరి సర్వరోడు:
వీటన్నిటినీ పట్టుకొని పరిగెత్తేదే నా ఉద్యోగం. క్లౌడులో ప్రోగ్రాములు నడిపే కుబర్నెటీస్ ఏడాదికి మూడు వర్షన్లు వస్తాది, ఒక్కోదానికి పద్నాలుగు నెలల ఆయుష్షు. నేర్చుకునేలోపల ముసలిదైపోతాది. గదిలో ఒక సర్వరును పది సర్వర్లుగా వాడుకునే వీఎంవేర్ సాఫ్ట్‌వేరు ఉండె, దాన్ని 2023లో బ్రాడ్‌కామ్ కొనింది. ఒకసారి కొనుక్కొని వాడుకునే లైసెన్సు పోయి ఏటా కట్టుకునేదే మిగిలె. అందుకే పైకి పోతాండేది, ఇష్టమై కాదు. పైకి పోయినాక మళ్లా దిగొచ్చినోళ్లు కూడా ఉండారు. వాళ్లు ముంత బోర్లించినోళ్లా, ఒలకబోసినోళ్లా? నేను అడిగింది అదే కదా సామీ. శనివారం రాత్రి మార్పిడి, ఆదివారం పొద్దున పాత డిస్కులు తుడవాల్నా వద్దా. అవ్వ ఏమనిందో ఒకరన్నా చెప్పండి.

ఆదోని అక్క:
మా అమ్మ "వొలకబోసినట్ల" అనేది. ఖాయం.

ప్రొద్దుటూరు పంతులు:
"వొ" కాదమ్మా, "ఒ". తెలుగు మాటల మొదట వు, వూ, వొ, వో ఉండవని చిన్నయసూరి చెప్పిపోయాడు.

రాయచోటి పాతపుస్తకాలు:
చెప్పింది రాతకు సార్. నోటికి కాదు. మా వైపు "వొల్లు" నొప్పి అంటారే గానీ "ఒళ్లు" నొప్పి అన్నవాణ్ణి చూపించండి.

ఒంటిమిట్ట వాసి:
పోతన దగ్గర "ఒ"నే.

రాయచోటి పాతపుస్తకాలు:
ఏ ముద్రణలో?