అమెరికాలో పుట్టిన పాపతో తిరిగి ఇండియాకి: ఓసీఐ చాలా, భారత పాస్‌పోర్టే తీసుకోవాలా?

పాపాయి అమ్మ:
మేమిద్దరం అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాం, ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. పాప డల్లాస్‌లో పుట్టింది, ఇప్పుడు ఏడో నెల. వచ్చే వేసవికి హైదరాబాద్ వెళ్లిపోతున్నాం, మళ్లీ వచ్చే ఉద్దేశం లేదు. అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకుంటే సరిపోతుందని మా ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అమ్మానాన్నలిద్దరూ ఇండియా పౌరులై ఉండి, వాళ్ల మధ్య పెరిగే బిడ్డ విదేశీయురాలు ఎలా అవుతుంది? 2004 డిసెంబర్ 3 నుంచి బయటి దేశాల్లో పుట్టిన పిల్లల్ని ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే భారత పౌరసత్వం వస్తుందట. గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. చేయించమనేవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

మాదాపూర్ నాన్న:
వద్దనేవాళ్లలో నేనొకణ్ణి. మా బాబుకి ఓసీఐ ఉంది. జీవితకాల వీసా, ఎన్నేళ్లున్నా విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, స్కూల్లో చేర్చేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం రాదు, సాగుభూమి కొనకూడదు. తాతల పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. ఇవి వదులుకుంటే వచ్చేది చిన్నదేం కాదు. రేపు అమెరికాలో చదవాలన్నా, ఉద్యోగం చేయాలన్నా వీసా అడగక్కర్లేదు. గ్రీన్ కార్డ్ కోసం మనం పడ్డ పాట్లు మన పిల్లలు ఎందుకు పడాలండీ?

డాక్టరమ్మ, కరీంనగర్:
స్కూల్ దాకా మీరన్నది నిజమే. చిక్కంతా ఇంటర్ తర్వాత. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ రాయొచ్చు గానీ ఎన్నారై సీట్లకో, సూపర్‌న్యూమరరీ (మామూలు సీట్లకు అదనంగా ఇచ్చే) సీట్లకో మాత్రమే. భారత పౌరులకే ఉంచిన సీట్లు వాళ్లకు దక్కవు. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు పాత హక్కు ఉంటుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఈ పాపకి అది వర్తించదు. ఒకే క్లాసులో చదివి, అదే ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఎన్నారై కోటా ఫీజు కట్టలేక మెడిసిన్ ఆశ వదులుకోవడం మా బంధువుల ఇంట్లోనే చూశాను. నా ఓటు భారత పాస్‌పోర్టుకే.

మాదాపూర్ నాన్న:
డాక్టరు గారూ, ఏడు నెలల పాప డాక్టరవుతుందో లేదో ఎవరికి తెలుసు? ఒక్క సీటు కోసం ఒక దేశపు పౌరసత్వం వదులుకుంటామా?

సెక్షన్ నాలుగు:
వదులుకోవడం అనే మాటే ఇక్కడ కుదరదు అన్నా. అక్కడి 14వ రాజ్యాంగ సవరణ కింద పుట్టుకతో వచ్చిన పౌరసత్వం పాస్‌పోర్ట్ తీసుకోనంత మాత్రాన పోదు. పిల్లల తరఫున తల్లిదండ్రులు దాన్ని రద్దు చేయించలేరు కూడా. హెచ్1బీ వాళ్ల పిల్లలకు ఈ హక్కు ఉండకూడదంటూ 2025 జనవరిలో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు కోర్టులకెక్కింది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడుతున్నా.

మన 1955 పౌరసత్వ చట్టం, 4వ సెక్షన్ చూడండి. నమోదు చేసేటప్పుడు తల్లిదండ్రులు రాసివ్వాల్సింది ఒక్కటే: బిడ్డకి వేరే దేశపు పాస్‌పోర్ట్ లేదని. వేరే పౌరసత్వం లేదని రాయమనలేదు. పైగా అదే సెక్షన్‌లో, ఇలా పౌరసత్వం వచ్చిన మైనర్ ఇంకో దేశపు పౌరుడు కూడా అయితే, 18 నిండిన ఆరు నెలల్లోపు రెండోది వదులుకోవాలి, లేకపోతే భారత పౌరసత్వం పోతుందని ఉంది. అంటే రెండూ ఉన్న పిల్లలుంటారని చట్టం ముందే ఒప్పుకుంది, తేల్చుకునే పని వాళ్లకే వదిలింది. నాకు ఇది చాలా న్యాయంగా కనిపిస్తుంది.

కానీ ఆచరణలో ఈ దారి మూసుకుపోతోంది. అమెరికా పౌరులు ఆ దేశంలోకి రావాలన్నా, బయటికెళ్లాలన్నా ఆ దేశపు పాస్‌పోర్ట్ మీదే అన్నది అక్కడి చట్టం. పాప అది తీసుకుంటే ఇక్కడ రాసిచ్చిన మాట తప్పవుతుంది. తీసుకోకపోతే అక్కడి నిబంధన తప్పినట్టు. పసిబిడ్డని అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లడానికి రెండు చట్టాల మధ్య ఇరుక్కోవాలా? 18 ఏళ్ల లోపు పిల్లలకి ఆ పాస్‌పోర్ట్ షరతు తీసేయాలి. ద్వంద్వ పౌరసత్వం ఇమ్మనడం లేదు, సొంతంగా తేల్చుకునే వయసు వచ్చేదాకా ఆగమంటున్నాను.

ఇప్పటికున్న పరిస్థితిలో మాత్రం, బాధగానే, ఓసీఐ వైపే మొగ్గుతాను. కార్డు తీసుకుని ఐదేళ్లయ్యి, దరఖాస్తుకి ముందు ఏడాది ఇండియాలో ఉంటే, మేజర్ అయ్యాక అమెరికా పౌరసత్వం వదులుకుని భారత పౌరసత్వం అడగొచ్చు. డాక్టరమ్మ గారు చెప్పిన సీటుకి అది అందదు, ఆ నష్టం నిజం. అలాగే మాదాపూర్ అన్న చెప్పని ఖర్చు ఇంకొకటుంది: అమెరికా పౌరులు ఎక్కడ సంపాదించినా ఆ దేశానికి లెక్క చెప్పాలి. పాప పెద్దయ్యి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినా అంతే.

కడప టు కువైట్:
అక్కా, మాకు ఈ ఎంపికే లేదు. ఇక్కడ పుట్టినా ఇక్కడి పౌరసత్వం రాదు. ఎంబసీలో నమోదు కాకపోతే బిడ్డ ఏ దేశానికీ చెందనట్టే. ఆ ఏడాది గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మా రూమ్‌లో ఒకాయన ఆ కాగితాల కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడు. మీరు ఏది తేల్చుకున్నా గడువు లోపలే తేల్చుకోండి.

పాపాయి అమ్మ:
సెక్షన్ నాలుగు గారూ, మీ మాటతో నా కోపం తగ్గలేదు గానీ ఎవరి మీద కోపపడాలో తెలిసింది. మా ఆయనకి చూపించాను. తప్పుడు మాట రాసిచ్చి పాప పేరు మీద సంతకం పెట్టడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఓసీఐకే దరఖాస్తు చేస్తాం. మెడిసిన్ సంగతి వస్తే ఫీజు కోసం ఇప్పటినుంచే కూడబెట్టాలి. డాక్టరమ్మ గారూ, మీ బంధువుల అమ్మాయి చివరికి ఏ కోర్సులో చేరింది?