అప్‌డేట్: నార్వే రేడియో నాటకాల్లోని ‘మౌర్‌స్టాడ్’ ఎవరో తేలింది

పాత నార్వే రేడియో నాటకాల జాబితాల్లో ఇంటిపేరు మాత్రమే కనిపించే మౌర్‌స్టాడ్ ఎవరని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఆ పేరుతో ప్రముఖ పురుష నటులు ఇద్దరున్నారు: తండ్రి ఆల్ఫ్రెడ్ (1896–1967), కొడుకు తూరాల్వ్ (1926–2022).

నార్వే జీవితచరిత్రల కోశంలో ఇద్దరి వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదవమన్న సలహాయే పనిచేసింది. ఆల్ఫ్రెడ్, నార్వేజియన్ భాష రెండు రాత రూపాల్లో ఒకటైన నీనొర్‌స్క్‌లో ప్రదర్శనలిచ్చే డెట్ నొర్‌స్కె థియేటర్‌లో మొదలై, తర్వాత నేషనల్ థియేటర్‌కు వెళ్లారు. నార్వే జానపద వాద్యమైన హార్డాంగర్ ఫిడేలు కూడా వాయించేవారు, జానపద పాత్రల్లో ఆయనకు అంత సహజత్వం రావడానికి అదొక కారణమని నా నమ్మకం. తూరాల్వ్ మాత్రం లండన్‌లో శిక్షణ పొంది, ఓస్లో నూఎ థియేటర్‌కూ, 1978 నుంచి 1986 వరకు నేషనల్ థియేటర్‌కూ అధిపతిగా ఉన్నారు.

కాబట్టి 1967 తర్వాత రికార్డయిన నాటకమైతే, ఈ ఇద్దరిలో అది తూరాల్వ్‌దే. ఇద్దరూ నటిస్తున్న కాలానికి చెందినదైతే, ప్రసారమైన రోజు పత్రికలోని రేడియో కార్యక్రమాల పట్టికలో పూర్తి పేరు చూడాలి. అవి నార్వే జాతీయ గ్రంథాలయం డిజిటల్ సేకరణలో ఉన్నాయి, అయితే కొన్ని దేశం బయట తెరుచుకోవు.