పత్తి కట్టె బయోచార్ కలిపితే యూరియా గ్యాస్ తగ్గుతుందా?

ఆదిలాబాద్_పత్తి: మాది నల్లరేగడి. కట్టె తగలబెట్టే బదులు బయోచార్ (గాలి సరిగా తగలకుండా కాల్చిన బొగ్గు) చేసి చేలో కలిపితే యూరియా వల్ల వచ్చే నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతుందంటున్నారు, నిజమేనా అన్నా? అసలు బస్తాకి ఎంత పోతుంది?

మట్టిమనిషి: 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం) మోటు లెక్కలో అందులో 1 శాతం, అంటే 207 గ్రాములు పోతుందనుకుంటే, ఆక్సిజన్ బరువు కూడా కలిసి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ 325 గ్రాములు, చూడ్డానికి చిన్నదే కానీ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడెక్కిస్తుంది కాబట్టి దాదాపు 89 కిలోలతో సమానం. తడి నేలలో సూక్ష్మజీవులు యూరియా నుంచి తయారైన నైట్రేట్‌ను విడగొట్టేటప్పుడు బయోచార్ ఉంటే ఆ పని చివరిదాకా సాగి, మామూలు నైట్రోజన్‌గా బయటికిపోయే అవకాశం పెరుగుతుంది. చాలా ప్రయోగాల్లో తగ్గుదల కనిపించింది.

రేగడి_రాజు: ఆగండి. ఆ లాభంలో కొంత నేల పీహెచ్ పెరగడం వల్ల వచ్చేది, అంటే ఆమ్ల నేలలకి. నల్లరేగడి పీహెచ్ మామూలుగానే 8 చుట్టూ ఉంటుంది, బయోచార్‌దీ క్షార గుణమే, పైపైన యూరియా చల్లితే అమ్మోనియాగా ఎగిరిపోవడం ఇంకా పెరగొచ్చు. యూరియా మట్టిలో కప్పెయ్యి, విడతలుగా వెయ్యి తమ్ముడూ.

ఆదిలాబాద్_పత్తి: మరి ఎంత కలపాలి?

మట్టిమనిషి: ప్రయోగాల్లో హెక్టారుకి 10, 20 టన్నులు కూడా వేస్తారు. నీ ఎకరా కట్టెతో కొన్ని క్వింటాళ్లే వస్తుంది, అద్భుతాలు ఆశించకు. ముందు యూరియా ఒక బస్తా తగ్గించి చూడు.