అప్‌డేట్: మ్యాప్ మీద ఆ గులాబీ నక్షత్రాల సంగతి తేలింది

సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఏ320 నడుపుతుంటే నావిగేషన్ డిస్‌ప్లే (పైలట్ ముందుండే మ్యాప్ తెర) మీద ముదురు గులాబీ రంగు నక్షత్రాలు కనిపిస్తున్నాయి, అవి వేపాయింట్లా (విమానం దారిని సూచించే పాయింట్లు) అని ఇంతకుముందు అడిగాను కదా. కావు. అవి ఎయిర్‌పోర్టులే.

నా గందరగోళానికి కారణం బోయింగ్ అలవాటు. 737లో నాలుగు మొనల నక్షత్రం అంటే వేపాయింట్, ప్రస్తుతం వెళ్తున్నదైతే గులాబీ రంగులో ఉంటుంది. ఎయిర్‌పోర్టులేమో లేత నీలం వృత్తాలు. ఎయిర్‌బస్‌లో కథ తిరగబడుతుంది: వేపాయింట్ డైమండ్ ఆకారం, ఎయిర్‌పోర్ట్ నక్షత్రం. ఒకే గుర్తుకు రెండు అర్థాలు పెట్టి మనల్ని ఏడిపించడం ఎందుకో!

మీలో ఒకరు చెప్పినట్టు ఏఆర్‌పీటీ (ఎయిర్‌పోర్టులను చూపించే) బటన్ నొక్కి చూశాను. నక్షత్రాలన్నీ మాయం, మళ్లీ నొక్కితే ప్రత్యక్షం. అంటే అవి మన ఫ్లైట్ ప్లాన్‌లో లేని ఎయిర్‌పోర్టులు. బయల్దేరేది, దిగేది మాత్రం తెలుపు రంగులో ఉంటాయి. రన్‌వే ఎంచుకోకపోతే తెల్ల నక్షత్రం, ఎంచుకుంటే అది ఉన్న దిశలోనే చిన్న రన్‌వే బొమ్మ. నాకు ఇదే బాగా నచ్చింది, ఎటు నుంచి దిగాలో చూడగానే తెలిసిపోతుంది.

ఎయిర్‌పోర్ట్ గుర్తు పక్కనుండే నాలుగక్షరాల కోడ్ కూడా అర్థమైంది. టికెట్ మీద లండన్ హీత్రో ఎల్‌హెచ్ఆర్, ఇక్కడ ఈజీఎల్ఎల్. నేను మూడక్షరాలది వెతుక్కుంటూ అరగంట టెన్షన్ పడ్డాను.

ఇంకొకటి: ఎయిర్‌బస్‌లో వీఓఆర్ (దారి చూపే రేడియో స్టేషన్ల) బటన్ నొక్కగానే ఎయిర్‌పోర్టులు పోతాయి. అది బగ్ కాదు, ఒకసారి ఒక రకం గుర్తులే చూపిస్తుంది. బగ్ అని రాసిన నా పాత కామెంట్ తీసేశాను.