ఎరుకలవారిపై నేరస్థ జాతుల చట్టం: మన జిల్లాకు ఎలా వచ్చింది, ఎప్పుడు పోయింది?

ప్రశ్న (శ్రీకాళహస్తి నుంచి):
పెద్దలకు నమస్కారం. మాది ఎరుకల కుటుంబం. మా అవ్వ చిన్నతనంలో వాళ్ల నాయన పక్క ఊరి పెళ్లికి పోవాలన్నా ముందు గ్రామ మునసబుకు చెప్పుకొని, తిరిగి వచ్చాక మళ్లీ ఆయనకు కనబడవలసి వచ్చేదట. చెప్పకుండా పోతే, ఏ దొంగతనం చేయకపోయినా కేసు పెట్టేవారట. ఇప్పటికీ మా వీధిలోకి పోలీసు జీపు వస్తే అవ్వ తలుపు వేసుకుంటుంది. ఊళ్లో ఏ వస్తువు పోయినా మొదట మా తమ్ముడినే స్టేషనుకు పిలుస్తున్నారు. ఆ చట్టం నిజంగా రద్దయిందా? మేము ఎస్టీలమైనప్పుడు మమ్మల్ని విముక్త జాతి అని కూడా ఎందుకు అంటున్నారు?

జవాబు (చిత్తూరు, న్యాయవాది):
1871లో ఉత్తరాదికోసం చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసినప్పుడు మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) కూడా వర్తింపజేశారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే. ఒక తెగ అలవాటుగా నేరాలు చేస్తుందని ప్రభుత్వం నమ్మితే ప్రకటన జారీ చేసేది. ఆ తరువాత ఆ తెగవారి పేర్లు రిజిస్టరుకు ఎక్కేవి, వేలిముద్రలు తీసుకునేవారు, హాజరు వేయించుకోవడం, మకాం మారితే తెలపడం విధిగా ఉండేవి. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉండేది. అన్నిటికంటే ఘోరమైనది, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనడానికి వీల్లేదన్న నిబంధన. మనిషి చేసిన పనిని కాక, పుట్టిన ఇంటిని విచారించి, ఆ తీర్పుపై అప్పీలు కూడా లేకుండా చేసిన చట్టమిది.

జవాబు (తిరుపతి, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు):
బాబూ, దీని వెనుక బతుకుతెరువు కథ ఉంది. మీ పూర్వీకులు కోస్తా నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని లోపలి ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆ తరువాత రైళ్లు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో బుట్టలకు కావలసిన ఈత, వెదురు కూడా సులభంగా దొరకకుండా పోయాయి. పని పోగొట్టిన ప్రభుత్వమే తిరిగేవారిని అనుమానితులుగా చూసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ 1913లో నడపడం మొదలుపెట్టిన సెటిల్‌మెంటు, అంటే ఇలాంటి తెగలవారిని నిఘాలో ఉంచిన నివాసం, ఆ చూపు నుంచి పుట్టిందే.

జవాబు (చిత్తూరు, న్యాయవాది):
మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లోనే రద్దయింది. దేశం మొత్తానికి ఏం చేయాలో పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘం రద్దు చేయమని సిఫార్సు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. అలా బయటపడిన తెగలే విముక్త జాతులు. షెడ్యూల్డ్ తెగ హోదా వేరే ఆదేశం ద్వారా వచ్చినది కాబట్టి, రెండూ ఒకేసారి మీకు వర్తిస్తాయి.

అయితే రద్దుతోపాటు అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసుల చూపు ఆ దారిలో కొనసాగింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులవివక్షపై తీర్పులో, విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. మీ తమ్ముడిని మళ్లీ పిలిస్తే, ఏ కేసులోనో రాతపూర్వక నోటీసు ఇమ్మని అడగండి. ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే వకీలును నియమిస్తారు.