ల్యాబ్ కుందేళ్లను ఒంటరిగా ఉంచాలా, జంటగానా?

శ్రీలత_వెట్: జీనోమ్ వ్యాలీ ల్యాబ్‌లలో పనిచేసేవాళ్లకి ఒక ప్రశ్న. కుందేళ్లను ఇంకా ఒక్కో బోనులో ఒక్కటే ఎందుకు ఉంచుతున్నారు? యూరప్‌లో ల్యాబ్ జంతువుల కోసం పెట్టిన 2010 నాటి డైరెక్టివ్ (చట్టం) ప్రకారం 3 కిలోల లోపు కుందేలుకి కనీసం 3500 చదరపు సెంటీమీటర్ల నేల, 45 సెంటీమీటర్ల ఎత్తు, పైకెక్కి కూర్చోడానికి ఒక అర ఉండాలి. పొత్తు కుదిరితే అదే జాగాలో రెండు ఉండొచ్చు.

కిరణ్_క్యూసీ: మేడం, ఎదిగిన మగ కుందేళ్లు వృషణాలు చీలేదాకా కొట్టుకుంటాయి. కళ్లారా చూశాను. ఒంటరిగా ఉంచడమే వాటికి క్షేమం.

శ్రీలత_వెట్: మగవాటి గురించి నేను అడగలేదు. ఒకే ఈతలో పుట్టిన ఆడవాటిని పాలు మాన్పించినప్పటి నుంచి కలిపి పెంచండి, దాక్కోడానికి చాటు ఇవ్వండి, చాలావరకు సర్దుకుంటాయి. కదలడానికి చోటు లేకపోతే ఎముకలు బలహీనపడతాయి. అలాంటిదాన్ని సరిగ్గా పట్టుకోకపోతే, గట్టిగా తన్నినప్పుడు వెన్ను విరగొచ్చు.

కిరణ్_క్యూసీ: ఆడవీ కొట్టుకుంటాయి.

అనిత_బయోటెక్: 45 సెంటీమీటర్లు చాలదు. వెనక కాళ్ల మీద లేస్తే చెవులు పైకప్పుకి తగులుతాయి.

రమణ_1978: ఎత్తు తర్వాత చూద్దాం. నేను ఒక కంపెనీ యానిమల్ హౌస్‌లో చేశాను. తీగల నేల మీద ఉండి ఉండి వాటి వెనక పాదాలు పుండ్లు పడేవి. బోనుకో ప్లాస్టిక్ పలక, గుప్పెడు ఎండుగడ్డి అడిగాను. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతాయి, అరగాలంటే గడ్డి నమలాలి. పలకలు కడగడానికి మనుషులు లేరన్నారు. మళ్లీ అడిగితే నన్ను గోడౌన్‌కి మార్చారు.

కిరణ్_క్యూసీ: మీ ఉద్యోగం గొడవ ఇక్కడెందుకండీ? కుందేళ్ల మీద పైరోజెన్ టెస్ట్ (మందులో జ్వరం తెప్పించే మలినం ఉందేమో చూసేది) చేసి పాసయ్యాకే ఎన్నో ఇంజక్షన్లు మీ ఇంటికొచ్చాయి. అది మర్చిపోయి మమ్మల్ని కసాయివాళ్లలా చూడొద్దు.

అనిత_బయోటెక్: చెవి నరంలోకి మందు ఎక్కించి జ్వరం వస్తుందేమో చూసే ఆ టెస్ట్‌ని యూరోపియన్ ఫార్మకోపియా, అంటే అక్కడి మందుల ప్రమాణాల గ్రంథం, తీసేసింది. దాని బదులు మనిషి రక్తకణాలతో చేసే మోనోసైట్ యాక్టివేషన్ టెస్ట్ ఉంది. బోనులు పెద్దవి చేస్తే పాత టెస్టే ఇంకొన్నేళ్లు సాగుతుంది. నా గొడవ అదీ.

రమణ_1978: అమ్మా, యాంటీబాడీల కోసం కూడా కుందేళ్లను పెంచుతారు. అన్నీ ఆగేదాకా ఇవాళ బోనులో ఉన్నదాని కాలి పుండు అలాగే ఉండాలా?

కిరణ్_క్యూసీ: టెస్ట్ మార్చడం నా చేతిలో లేదు. కొత్త టెస్ట్ సరిగ్గా పనిచేస్తుందని ప్రతి ప్రాడక్ట్‌కీ వ్యాలిడేషన్ చేసి చూపాలి, రెగ్యులేటర్ ఒప్పుకోవాలి. బ్యాచ్ ఆలస్యమైతే అడిగేది నన్నే.

శ్రీలత_వెట్: పలక వేయడానికి రెగ్యులేటర్ ఎందుకు కిరణ్ గారూ? మీ ఎథిక్స్ కమిటీలో పెట్టండి చాలు.

కిరణ్_క్యూసీ: పలకల గురించి పెడతాను. జంటలకి మాత్రం ఒప్పుకోను.